పల్నాడు టు లడఖ్ రోడ్ ట్రిప్: చివరి 400 కిలోమీటర్లలో ఏముంది? బండి తీసే ముందు ఇవి తెలుసుకోండి

మాచవరంలో బండి స్టార్ట్ చేసి పిడుగురాళ్ల, హైదరాబాద్, ఢిల్లీ, శ్రీనగర్ మీదుగా వెళ్తే లడఖ్‌లోని లేహ్ సుమారు 3 వేల కిలోమీటర్లు. మనాలి మీదుగా అయితే ఇంకో 250 కిలోమీటర్ల దాకా తగ్గుతుంది. ఫోన్‌లో లడఖ్ రీల్ చూసి 'ఒక్కసారైనా వెళ్లాలి రా' అనుకోని బైకర్ ఉండడు. అనుకున్న వెంటనే కాగితం తీసి లెక్కేసేది మూడే: ఎన్ని కిలోమీటర్లు, పెట్రోల్‌కు ఎంత, సెలవులు ఎన్ని. నాలుగో లెక్క చాలామంది వేయరు. అదే ఎత్తు. లడఖ్ వెళ్లి ఆస్పత్రి బెడ్ ఎక్కేవాళ్లలో చాలామందిని దెబ్బకొట్టేది ఆ నాలుగో లెక్కే.

పల్నాడు వాళ్లకు బాగా అలవాటైన ఘాట్ రోడ్డు కోటప్పకొండది. ఆ కొండ ఎత్తు సుమారు 1,600 అడుగులు. అల్లూరి జిల్లాలో ఉన్న ఏపీ అత్యున్నత శిఖరాలు కూడా 5,500 అడుగుల దగ్గరే ఆగిపోతాయి. శ్రీనగర్ ఊరే దాదాపు 5,200 అడుగుల ఎత్తులో ఉంది. లేహ్ 11,500 అడుగులు. మనాలి-లేహ్ దారిలోని తంగ్లంగ్ లా కనుమ 17 వేల అడుగులు దాటుతుంది. ఇక్కడి ఒళ్లు, ఇక్కడి బండి రెండూ పుట్టాక ఎన్నడూ చూడని ఎత్తులివి.

ఢిల్లీ దాకా పెద్ద కష్టం లేదు

మాచవరం నుంచి పిడుగురాళ్ల వచ్చి అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కితే దాచేపల్లి, వాడపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి, మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్‌పల్లి వస్తాయి. అక్కడి నుంచి విజయవాడ హైవే మీద హైదరాబాద్. ఇదంతా కలిపి 200 కిలోమీటర్లు అటూఇటూ. సిటీలోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని నాగ్‌పూర్ వైపు తిరిగితే నేషనల్ హైవే 44 దొరుకుతుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ 'సెవెన్త్ నంబర్ హైవే' అనేది దీన్నే. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా ఒకటే నంబరు. నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ, ఆ తర్వాత అంబాలా, జలంధర్, పఠాన్‌కోట్, జమ్మూ. దారి తప్పడం కష్టమే.

నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవి దగ్గర హైవేను స్తంభాల మీద ఎత్తి కట్టారు. పైన లారీలు పోతుంటే కింద పులులు, దుప్పులు దాటుతాయి. అక్కడ బండి ఆపి ఫొటోలు దిగడం మాత్రం వద్దు.

ఈ భాగంలో అసలు శత్రువు ఎండ. మే, జూన్‌లో నాగ్‌పూర్, ఝాన్సీ వైపు ఎండలు పల్నాడు ఎండల కంటే తక్కువేం ఉండవు. వేడెక్కిన సిమెంట్ రోడ్డు మీద అరిగిన టైరు, లోడు ఎక్కువైన కారు.. రెండూ కలిస్తే టైరు పేలిపోతుంది. తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి మధ్యాహ్నానికల్లా ఎక్కువ దూరం లాగేయడం, చీకటి పడ్డాక ఆగిపోవడం మంచిది. రోజుకు 600, 700 కిలోమీటర్లు కారులో అయితే ఓకే. బైక్ మీద మాత్రం 500 దాటకపోతేనే నడుము మాట వింటుంది.

అసలు ఎత్తుకు వెళ్తే ఒంట్లో ఏం జరుగుతుంది?

'పైన ఆక్సిజన్ ఉండదు' అని అందరూ అంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. మాచవరంలో గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, 17,582 అడుగుల ఖార్దుంగ్ లా మీద కూడా 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. గాలి పల్చబడుతుంది కాబట్టి ఒక్కో శ్వాసకు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. లేహ్‌లో అది సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులు. ఖార్దుంగ్ లా దగ్గర సగం.

ఒళ్లు దీనికి అలవాటు పడగలదు. కాకపోతే టైమ్ కావాలి. టైమ్ ఇవ్వకుండా పైకి తీసుకెళ్తే మొదట తలనొప్పి వస్తుంది. తర్వాత వికారం, తిండి సయించకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. దీన్నే ఏఎంఎస్ అంటారు. 'నిన్న రాత్రి సరిగా నిద్రలేదు, ఎండ తగిలింది, అందుకే తల నొప్పి' అని సర్ది చెప్పుకోవడం దగ్గరే చాలా కేసులు ముదురుతాయి. 10 వేల అడుగుల పైన తలనొప్పి వస్తే, వేరే కారణం ఉందని తేలేదాకా అది ఎత్తు వల్ల వచ్చిందనే లెక్కేసుకోవాలి.

ఇది ముదిరితే రెండు రకాలుగా ప్రాణం మీదికి వస్తుంది. ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నీలంగా మారిన పెదాలు, కొందరిలో గులాబీ రంగు నురగ కఫం దీని గుర్తులు. రెండోది మెదడు వాపు. మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, తాగినవాడిలా తూలుతాడు. దీన్ని పట్టుకోవడానికి రోడ్డు మీద చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకు ఇంకో కాలి బొటనవేలు ఆనిస్తూ నడవమనండి. తూలితే ఇక ఆలోచించాల్సింది లేదు. అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి, ఆస్పత్రికి చేర్చాలి. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని నమ్ముకుని అక్కడే పడుకోబెట్టడం చాలా ప్రమాదం.

పర్వతారోహణ డాక్టర్లు చెప్పే లెక్క సింపుల్. 10 వేల అడుగులు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 1,600 అడుగుల కంటే ఎక్కువ పెరగకూడదు. మూడు, నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తిగా ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగారన్నది ఒక ఎత్తు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది ఒక ఎత్తు. రెండోదే ముఖ్యం.

డయామాక్స్ అనే మాత్ర గురించి వీడియోల్లో వినే ఉంటారు. అది ఒళ్లు ఎత్తుకు త్వరగా అలవాటు పడటానికి సాయం చేస్తుంది. మామూలుగా ఎత్తుకు వెళ్లడానికి ముందు రోజు నుంచే మొదలుపెడతారు. వేళ్లు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు మూత్రం రావడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్యలున్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. ఊళ్లో డాక్టర్‌కు చూపించుకుని, బీపీ, షుగర్, గుండె సంగతి తేల్చుకుని రాయించుకోవడమే పద్ధతి. ఫ్రెండ్ ఇచ్చాడని వేసుకునే మాత్ర కాదు. మందు, నిద్రమాత్రలు మొదటి రెండు మూడు రోజులు పూర్తిగా బంద్. రెండూ నిద్రలో శ్వాసను ఇంకా తగ్గిస్తాయి.

శ్రీనగర్ మీదుగా వెళ్లాలా.. మనాలి మీదుగానా?

పైన చెప్పిన లెక్కను రెండు దారులకూ వేసి చూస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

మనాలి ఎత్తు సుమారు 6,700 అడుగులు. అక్కడ పొద్దున బయల్దేరి సాయంత్రానికి చాలామంది సర్చూలో టెంటు వేస్తారు. సర్చూ 14 వేల అడుగులు. అంటే ఒక్క రోజులో 7 వేల అడుగులకు పైగా ఎక్కి, ఆ ఎత్తులోనే పడుకోవడం! ఆ తర్వాత వచ్చే పాంగ్ ఇంకా పైన, 15 వేల అడుగుల దగ్గర ఉంటుంది. మైదానం నుంచి నేరుగా వచ్చినవాళ్లకు ఈ దారిలో మొదటి రాత్రే నరకం చూపిస్తుంది.

శ్రీనగర్ దారి వేరు. 5,200 అడుగుల శ్రీనగర్‌లో ఒక రాత్రి. మరుసటి రోజు జోజి లా కనుమ దాటి, ద్రాస్ మీదుగా వెళ్లి, 8,800 అడుగుల కార్గిల్‌లో రెండో రాత్రి. మూడో రోజు 13 వేల అడుగులు దాటే ఫోతు లా ఎక్కి దిగి లేహ్. మెట్లు మెట్లుగా ఎక్కినట్టు ఉంటుంది. అందుకే శ్రీనగర్ మీదుగా వెళ్లి, ఒళ్లు అలవాటు పడ్డాక మనాలి మీదుగా దిగడం మేలు. తప్పనిసరై మనాలి నుంచే ఎక్కాల్సి వస్తే సర్చూలో కాకుండా 10,500 అడుగుల జిస్పాలో రెండు రాత్రులు ఆగి, మూడో రోజు తెల్లవారకముందే బయల్దేరి లేహ్ వైపు దిగిపోవాలి.

శ్రీనగర్ దారిలో తెలుగువాళ్ల చేతి పని కూడా కనిపిస్తుంది. బనిహాల్-కాజీగుండ్ మధ్య ఉన్న 8.5 కిలోమీటర్ల టన్నెల్ కట్టింది హైదరాబాద్‌కు చెందిన నవయుగ కంపెనీ. జోజి లా కింద 13 కిలోమీటర్లకు పైగా పొడవున్న టన్నెల్ కాంట్రాక్టు దక్కింది హైదరాబాద్‌కే చెందిన మేఘా ఇంజినీరింగ్‌కు. సోనామార్గ్ టన్నెల్ 2025 జనవరి 13న ప్రారంభమైంది. జోజి లా టన్నెల్ నుంచి రాకపోకలు మొదలయ్యేదాకా మాత్రం పాత కనుమ రోడ్డే గతి. మట్టి, బురద, ఒకవైపు లోయ. వన్‌వే టైమింగ్స్ పెడుతుంటారు, ముందురోజే కనుక్కోవాలి.

ద్రాస్‌లో కార్గిల్ వార్ మెమోరియల్ రోడ్డు పక్కనే ఉంటుంది. తోలోలింగ్ కొండ ఎదురుగా కనిపిస్తుంది. 1999లో ఈ ప్రాంతంలోనే పోరాడి అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ వాసి. మహావీర చక్ర గ్రహీత. గంట ఆగితే పోయేదేం లేదు.

మనాలి వైపు అటల్ టన్నెల్ 2020 అక్టోబర్ 3న ప్రారంభమైంది. పొడవు 9.02 కిలోమీటర్లు. రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని లేకుండా పోయి మనాలి-లేహ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. ఇప్పుడది సుమారు 430 కిలోమీటర్లు. టన్నెల్ దాటాక బారాలాచా లా, 21 మలుపుల గాటా లూప్స్, నకీ లా, లాచుంగ్ లా, మోరే మైదానాలు, తంగ్లంగ్ లా వరుసగా వస్తాయి. దార్చా నుంచి షింకు లా మీదుగా జంస్కార్ లోయలోకి వెళ్లే మూడో దారి కూడా ఉంది. అది 16,500 అడుగులు దాటుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు కాదు.

365 కిలోమీటర్లు బంకు లేదు!

కీలాంగ్‌కు ముందు తాండీలో పెట్రోల్ బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడ పెట్టిన బోర్డు ఎన్నో ఏళ్లుగా బైకర్ల ఫొటోల్లో ఫేమస్. లేహ్‌కు ముందు కారూ దాకా బంకు లేదనుకునే ప్లాన్ చేసుకోవాలి. 13 లీటర్ల ట్యాంకు, లీటరుకు 30 కిలోమీటర్ల మైలేజీ అంటే కాగితం మీద 390 కిలోమీటర్లు వస్తుంది. కానీ ఎత్తులో ఇంజిన్‌కూ గాలి చాలదు. వెయ్యి మీటర్లు ఎక్కే కొద్దీ టర్బో లేని ఇంజిన్ పవర్ సుమారు 10 శాతం పడిపోతుంది. ఎప్పుడూ ఫస్ట్, సెకండ్ గేర్లే. కాబట్టి 5 లీటర్లయినా గట్టి మూత ఉన్న క్యాన్‌లో అదనంగా ఉండాలి. పాత కార్బ్యురేటర్ బళ్లు ఇంకా మొండికేస్తాయి. గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువైపోయి నల్లపొగ వదులుతాయి. ఇంజెక్షన్ బళ్లు తమంతట తామే సర్దుకుంటాయి.

బయల్దేరే ముందు షెడ్డులో బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, కూలెంట్, బ్యాటరీ చూపించాలి. క్లచ్ వైరు, పంక్చర్ కిట్, ట్యూబు, గాలి పంపు వెంట ఉండాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోల్ ఆదా చేద్దామనే ఆలోచన ఘోరం. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది.

ఇంకో విషయం పల్నాడు వాళ్లకు కొత్తగా అనిపిస్తుంది. ఇక్కడ నాగులేరు, చంద్రవంక పొంగాలంటే వాన పడాలి. అక్కడ ఎండ కాస్తే వాగులు పొంగుతాయి! మధ్యాహ్నానికి మంచు కరిగి రోడ్డు మీదికి నీళ్లు వస్తాయి. పొద్దున పాదాలు తడిసేంత ఉన్న నీళ్లు సాయంత్రానికి చక్రం మునిగేంత అవుతాయి. బారాలాచా లా ముందు ఒక వాగు పేరే పాగల్ నాలా, అంటే పిచ్చి వాగు. వాగులన్నీ మధ్యాహ్నం 12 లోపు దాటేలా బయల్దేరాలి.

ఫోన్, కాగితాలు

ఏపీ, తెలంగాణలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లడఖ్‌లలో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ మాత్రమే పలుకుతుంది. గ్రూపులో కనీసం ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ సిమ్‌లు ఉండేలా వారం ముందే మార్చుకోవాలి. అవి ఉన్నా జిస్పా నుంచి ఉప్షీ దాకా చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. 'ఫలానా రోజు రాత్రికి ఫోన్ చేస్తాం, మధ్యలో రాకపోతే కంగారు పడొద్దు' అని ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పి వెళ్లడం మర్చిపోవద్దు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. డిజిలాకర్ ఉందిలే అనుకుంటే సిగ్నల్ లేనిచోట అది తెరుచుకోదు. ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్ జిరాక్సులు నాలుగైదు సెట్లు ఉంచుకోవాలి. బండి బాబాయి పేరునో, బావ పేరునో ఉంటే వాళ్ల సంతకంతో ఒక లెటర్.

లేహ్ నుంచి నుబ్రా, పాంగాంగ్, హన్లే వైపు వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో ఎన్విరాన్‌మెంట్ ఫీజు కట్టి, ఆ ప్రింట్ చెక్‌పోస్టుల్లో చూపించాలి. ఈ రూల్స్ మారుతుంటాయి, లేహ్ యంత్రాంగం పోర్టల్‌లో ఒకసారి చూసుకోవాలి. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కారు, బైక్ మీద వెళ్తే లేహ్‌లో స్థానిక ట్యాక్సీ, బైక్ రెంటల్ యూనియన్లు అడ్డుకుంటాయి. సొంత బండికి ఆ గొడవ లేదు.

పాంగాంగ్ నీళ్లలోకి కారు దించి వీడియో తీసినవాళ్లపై కేసులు పెట్టారు. హుందర్ ఇసుక తిన్నెల మీద కారు తిప్పినందుకు 50 వేల రూపాయల జరిమానా వేశారు. లైకుల కోసం అంత ఖర్చు అవసరమా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి.

ఎన్ని రోజులు కావాలి?

మాచవరం నుంచి కారులో శ్రీనగర్ చేరడానికి 5 రోజులు, అక్కడి నుంచి లేహ్‌కు 2 రోజులు. లేహ్‌లో రెండు రోజులు ఏ కనుమా ఎక్కకుండా విశ్రాంతి. తర్వాత ఖార్దుంగ్ లా దాటి నుబ్రా. అక్కడి దిస్కిత్, హుందర్ ఊళ్లు లేహ్ కంటే కిందే ఉంటాయి కాబట్టి మొదట ఇటే వెళ్లాలి. 14 వేల అడుగుల దగ్గరున్న పాంగాంగ్‌లో రాత్రి బస ఆ తర్వాతే. తిరిగి లేహ్, అక్కడి నుంచి మనాలి మీదుగా ఇల్లు. ఎలా కుదించినా 20 రోజులు. బైక్ మీద ఇంకో మూడు, నాలుగు. ఇందులో కొండచరియలు విరిగి రోడ్డు మూసేస్తే ఆగాల్సిన రెండు రోజులు కూడా కలపాలి.

12 రోజుల సెలవే దొరికితే? కోసేయాల్సింది లేహ్‌లో విశ్రాంతి రోజులను కాదు, మైదానంలో రోజులను. నడికుడి నుంచి సికింద్రాబాద్ వెళ్లి, అక్కడ బైక్‌ను రైల్వే పార్సిల్‌లో ఢిల్లీకి పంపొచ్చు. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేసి, ఆర్సీ జిరాక్స్ ఇచ్చి, బండికి ప్యాకింగ్ చేయించాలి. అలా పోనూ రానూ కొన్ని రోజులు మిగులుతాయి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి అక్కడే బైక్ అద్దెకు తీసుకోవడం ఇంకో దారి. కానీ రెండు గంటల్లో 11,500 అడుగులకు చేరినట్టే కాబట్టి మొదటి 48 గంటలు గది దాటకుండా ఉండాలి. అద్దె డబ్బులు పోతున్నాయని రెండో రోజే ఖార్దుంగ్ లా ఎక్కితే మొదటికే మోసం.

ఉమ్లింగ్ లా సంగతేంటని అడిగేవాళ్లుంటారు. 19,024 అడుగులతో 2021లో గిన్నిస్ గుర్తింపు పొందిన రోడ్డు అది. బోర్డు దగ్గర ఫొటో బాగుంటుంది కానీ మొదటి ట్రిప్‌లో, లేహ్‌లో కనీసం వారం గడపకుండా అటు వెళ్లకపోవడమే మంచిది.

తిండి సంగతి కూడా ఒక మాట. ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి. లేహ్‌లో దాదాపు 88 డిగ్రీలకే తెర్లుతాయి. అందుకే మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. బియ్యం తీసుకెళ్లేవాళ్లు చిన్న కుక్కర్ తప్పనిసరిగా పెట్టుకోవాలి. గోంగూర పచ్చడి, కారప్పొడి సీసాల మూతలు టేపుతో చుట్టాలి. పైన గాలి ఒత్తిడి తగ్గి, సీసాలో గాలి వ్యాకోచించి మూత తీయగానే నూనె చిమ్ముతుంది. బ్యాగులో బట్టలన్నీ ఎర్రగా అవుతాయి.

మనాలి-లేహ్ రోడ్డు మామూలుగా మే మధ్య నుంచి అక్టోబర్ దాకా తెరిచి ఉంటుంది. బార్డర్ రోడ్స్ సిబ్బంది మంచు తొలగించేదాన్ని బట్టి తేదీలు మారతాయి. జులై, ఆగస్టుల్లో లడఖ్‌లో వానలు తక్కువే కానీ, దారిలో ఉన్న హిమాచల్‌లో వర్షాలు రోడ్లనే మింగేస్తాయి. 2023 జులైలో, 2025 వానాకాలంలో కులు-మనాలి హైవే చాలా చోట్ల నదిలోకి జారిపోయింది. జూన్ రెండో సగం, లేదంటే సెప్టెంబర్ చూసుకోవాలి. సెప్టెంబర్‌లో అయితే నాగ్‌పూర్ ఎండ కూడా ఉండదు. కాకపోతే పైన కనుమల్లో రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి, కొన్ని టెంట్లు అప్పటికే ఎత్తేస్తారు. బస ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకుని బయల్దేరాలి.